కళ్ళు తెరిచిన రాయి

నంద్యాలలో గురుప్రసాద్ బట్టల కొట్టు ఎక్కడని అడిగితే నలుగురిలో ముగ్గురు తెల్లమొహం వేస్తారు. 'చింపమంటావా శెట్టి' కొట్టు ఎక్కడని అడిగితే మాత్రం ఆటో అతను మారుమాట లేకుండా తీసుకెళ్ళి మెట్ల ముందు దింపుతాడు. ఈ పేరు ఊరు పెట్టింది. తానులోంచి గుడ్డ కొలిచి, అంచున కత్తెరతో గాటు పెట్టే ముందు గురుప్రసాద్ తల ఎత్తి, "చింపమంటావా?" అని అడుగుతాడు. చింపమంటారు. మళ్ళీ మొదటి నుంచి కొలుస్తాడు. "ఇంటికి పోయినాక రంగు బాగల్యా అనవు గదా? చింపమంటావా?" అంటాడు. చింపమంటారు, ఈసారి కాస్త విసుగ్గా. మూడోసారి అడిగేటప్పుడు అతని గొంతు బాగా తగ్గిపోతుంది, ఆపరేషన్‌కు ముందు సంతకం అడిగే డాక్టరు గొంతులాగా. ఆ మూడో ప్రశ్న దగ్గర ఎంతోమందికి లేనిపోని అనుమానం పుట్టి, లేచి ఎదురు కొట్టుకు పోయారు. గురుప్రసాద్ చల్లగా ఉండాలని ఎదురు కొట్టువాడు రోజూ దేవుడికి దండం పెట్టుకుంటాడని బజార్లో చెప్పుకుంటారు.

ఇది వ్యాపారంలో అబ్బిన గుణం కాదు, పుట్టుకతో వచ్చింది. చింపిన గుడ్డ మళ్ళీ తానులో కలవదన్న సంగతి తలుచుకుంటేనే అతని చేతిలో కత్తెర ఆగిపోతుంది. పెళ్ళిపీటల మీద రెండు ముళ్ళు వేసి, మూడో ముడి దగ్గర చెయ్యి ఆపి, మామగారి వైపు తిరిగి "వెయ్యమంటావా మామా?" అని అడిగిన పెళ్ళికొడుకు నంద్యాల చరిత్రలో అతనొక్కడే. మేళగాళ్ళు వాయించడం ఆపేశారు. అయ్యవారు మంత్రం మధ్యలో ఆపి "వెయ్యప్పా సామీ!" అని అరిచారు. ఇరవయ్యారేళ్ళయినా ఇందుమతి ఆ మాట మరిచిపోలేదు, అతన్ని మరిచిపోనివ్వలేదు. పప్పులో ఉప్పు తగ్గిందని ఎప్పుడైనా అంటే చాలు, "వెయ్యమంటారా?" అని గరిటె పట్టుకుని నిలబడుతుంది.

కొట్టు తాత పెట్టింది. ఇల్లు నాన్న కట్టించింది. సంబంధం మేనత్త చూసింది. అతనంతట అతను, ఎవరినీ అడగకుండా, ఒక్క మాట మీద తెచ్చుకున్నది జన్మలో ఒకే ఒక్కటి ఉంది. అదొక రాయి.

తొమ్మిదేళ్ళ కిందట సరుకు కోసం చెన్నై పోయినప్పుడు వాన పట్టుకుంది. తడవకుండా దగ్గరలో ఉన్న చేపల తొట్ల కొట్లో దూరాడు. లోపల ఒక గాజు తొట్టిలో, నీలం వెలుగు కింద, చిక్కుడు గింజంత పచ్చటి ముక్క ఒకటి కనబడింది. అది సముద్రపు పగడమనీ, రాయిలా ఉంటుంది గానీ ప్రాణముందనీ, వేలకొద్దీ చిన్న చిన్న జీవాలు సున్నంతో ఇల్లు కట్టుకుని అందులో కాపురముంటాయనీ, ఆ ఇల్లు కొమ్మలు వేసి పెరుగుతుందనీ ఆ కొట్టు కుర్రాడు మనోజ్ చెప్పాడు. "ప్యాక్ చెయ్యమంటారా సార్?" అని ఒక్కసారి అడిగాడు. "చెయ్యి" అన్నాడు గురుప్రసాద్, ఒక్కసారే. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని రైల్లో రేణిగుంట దాకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

అప్పటి నుంచి హాల్లో టీవీ ఉండాల్సిన చోట తొట్టి ఉంది. అందులో సముద్రం ఉంది. ఉప్పు సంచులు చెన్నై నుంచి పార్శిల్లో వస్తాయి. ఆ ఉప్పును శుద్ధి చేసిన నీళ్ళలో కొలిచి కలుపుతాడు. ఎండాకాలంలో నంద్యాల కాగిపోయే రోజుల్లో తొట్టిలో ఐసు సీసాలు తేలుతుంటాయి. "ఇంట్లో మనుషులకు గాలి ల్యా, రాయికి ఐసు" అని ఇందుమతి సణుగుతుంది. సణుగుతూనే రోజూ తెల్లారి ఒక పని చేస్తుంది. సున్నం కలిపి పెట్టిన నీళ్ళలో పైన తేరిన తేటను వంచి, తొట్టిలో చుక్కా చుక్కా వేస్తుంది. ఇల్లు కట్టుకునేవాళ్ళకు సున్నం కావాలి కదా అని ఆమె వాదన. చెన్నై మనోజ్ ఇది విని ఆశ్చర్యపోయి, పెద్ద పెద్ద వాళ్ళు కూడా పగడాలకు ఇదే పోస్తారని చెప్పాడు. అప్పటి నుంచి ఆమె ఆ సున్నపు గిన్నెను ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు.

ఇంత సముద్రాన్ని ఇంట్లో పెట్టుకున్న గురుప్రసాద్ అసలు సముద్రాన్ని మాత్రం ఎప్పుడూ చూడలేదు. పాతికసార్లు చెన్నై పోయాడు. ప్రతిసారీ బీచికి పోదామా వద్దా అని ఆలోచిస్తుండగానే రైలు టైమయ్యేది.

చిక్కుడు గింజ తొమ్మిదేళ్ళలో పెద్ద క్యాలీఫ్లవరంత అయింది. గురుప్రసాద్ చుట్టాలను, ఖాతాదార్లను, దారిన పోయేవాళ్ళను పిలిచి చూపించేవాడు. "ఇది పెరుగుతాదప్పా!" అని చెప్పి వాళ్ళ మొహాల్లోకి ఆశగా చూసేవాడు. నంద్యాల జనానికి మాత్రం ఇందులో వింతేమీ కనబడలేదు. "పెరుగుతాదిలే. యాగంటి బసవన్న పెరుగుతానే ఉండాడు గదా" అనేవాళ్ళు. రాయి పెరుగుతుందంటే నోరు వెళ్ళబెట్టడానికి వేరే ఊరివాళ్ళు కావాలి. ఒకాయన కొలత అడిగి, ఏడాదికి అంగుళం దాకా పెరుగుతుందని విని, "బసవన్నకే అంగుళానికి ఇరవై ఏండ్లు పడతాది. దీనికి దూకుడు ఎక్కువ ఉండాది, కొంచెం అదుపులో పెట్టు శెట్టీ" అని సలహా కూడా ఇచ్చాడు.

మొన్న మాఘమాసంలో, పెళ్ళిళ్ళ బేరాలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, పగడం అడుగున గోరంత తెల్లమచ్చ కనబడింది. మర్నాటికి అది చుట్టూ తిరిగి, తెల్లటి పట్టీలాగా అయింది. తెల్లగా అయిన చోట ప్రాణం లేదు, ఒట్టి ఎముకే. గురుప్రసాద్ ఫోటోలు తీసి పంపాడు. మనోజ్ వెంటనే ఫోన్ చేశాడు.

"సార్, కోసెయ్యాలి. తెలుపుకు పైన, బాగున్న భాగమంతా చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కొక్కటీ ఒక రాయికి అంటించండి. నాలుగు రోజులే టైము. తరవాత మొత్తం పోతుంది."

"కోయమంటావా?"

"అవును సార్. భయం వద్దు. ముసలిదయ్యాక పెద్దది నిదానంగా పెరుగుతుంది. ముక్కలు చేస్తే గాయం మాన్పుకోవాలని తొందర తొందరగా పెరుగుతాయి. పదకొండు ముక్కలు చేస్తే ఏడాదిలో పదకొండూ..."

"అది గాదు మనోజూ. కోయమంటావా?"

మూడోసారి అడిగేలోపు అవతల ఫోన్ పెట్టేశారు.

కోయడానికి కావలసిన కటింగ్ ప్లేరు ఇంట్లోనే ఉంది. తొమ్మిదేళ్ళ కిందట తొట్టితోపాటు మనోజే ఇచ్చాడు. గురుప్రసాద్ దాని కవరు కూడా విప్పలేదు. ఇప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని తొట్టి ముందు గంట సేపు నిలబడ్డాడు. తెగితే పెరగడమేంది? జన్మంతా తెగితే పోతుందని నమ్మినవాడికి ఈ వయసులో ఎవరో వచ్చి ఇట్లా చెబితే ఏం చెయ్యాలి? ఒకవేళ మనోజ్ చెప్పింది తప్పయితే? తనంతట తాను తెచ్చుకున్న ఒకే ఒక్కదాన్ని తన చేతులతోనే నరికేసినవాడవుతాడు. కవరు విప్పకుండానే ప్లేరును మళ్ళీ అరలో పెట్టేశాడు.

రెండో రోజు నూర్ మహమ్మద్‌ను పిలుచుకొచ్చాడు. కొట్టు పక్కనే ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్న టైలర్ నూర్ మహమ్మద్‌కు భయమంటే తెలియదు. మూడు వేల పట్టుగుడ్డను కూడా మాటలాడుతూ కత్తిరించేస్తాడు. అతను టేపు తీసి, తొట్టి గాజు మీద నుంచే పగడానికి కొలతలు తీసుకున్నాడు.

"చుట్టుకొలత ఇరవై. తెలుపు అంగుళమున్నర ఎక్కినాది. నిన్న యంత ఉండె?"

"అంగుళం."

"అయితే మూడొద్దుల్లో మెడ దాకా వస్తాది" అన్నాడు నూర్ మహమ్మద్, టేపు మెడలో వేసుకుంటూ.

"నువ్వు కోస్తావా నూరన్నా?"

నూర్ మహమ్మద్ ఆలోచించాడు. "గుడ్డయితే కళ్ళు మూసుకోని కోస్తా. దీనికి ప్రాణముండాదంటాండావు. ప్రాణముండేది నేను కొయ్యాలంటే బిస్మిల్లా అనల్ల. అంటే అది హలాల్ అయితాది. నీ ఇంట్లో ఉల్లిగడ్డ గూడా యోచన చేసి తింటారు. ఇందమ్మ నన్ను గడప తొక్కనిస్తాదా మళ్ళా?"

వంటింట్లోంచి ఇందుమతి "తొక్కనీను" అంది.

"రాతి పని రాతి పనోనికే ఇయ్యల్ల శెట్టీ" అని నూర్ మహమ్మదే దారి చూపించాడు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే వెంకటరామయ్య ఆచారి అతనికి తెలుసు. యాభై ఏళ్ళ అనుభవం. ఉలి పెట్టాడంటే గీత తప్పదు. ఈ మాటతో గురుప్రసాద్ ప్రాణం లేచి వచ్చింది. కోసేది ఇంకొకరైతే, పోయినా తన చేతి మీదుగా పోయినట్టు కాదు.

మూడో రోజు పొద్దున్నే మూత ఉన్న పెద్ద బక్కెట్లో సముద్రం పోసి, పగడాన్ని దించి, బ్యాటరీతో బుడగలు వదిలే చిన్న మోటారు తగిలించి, గమ్ము ట్యూబులూ కవరు విప్పని ప్లేరూ సంచిలో వేసుకుని, ఆళ్లగడ్డ బస్సెక్కాడు. కండక్టర్ వచ్చి బక్కెట్ వైపు చూశాడు.

"ఏందిది?"

"రాయప్పా."

"రాయికి బుడగలెందుకు?"

"ప్రాణముండే రాయి."

కండక్టర్ టికెట్ మిషన్ కిందికి దించాడు. "ఇదిగో సామీ, సామానైతే ఒక లెక్క, జీవమైతే ఇంకో లెక్క. నాకు మధ్యలో చెకింగ్ వస్తాది. రాయా? జీవమా? ఒకటి చెప్పు."

"రెండూనప్పా."

"అయితే రెండు టికెట్లు కొడతా."

బస్సు రెండుగా చీలిపోయింది. ముందు సీట్లవాళ్ళు రాయన్నారు, వెనక సీట్లవాళ్ళు జీవమన్నారు. శిరివెళ్ల దగ్గర ఎక్కిన బాలమ్మ అనే ముసలామె మూత సందులోంచి లోపలికి చూసి, "యాగంటిదా నాయనా?" అని అడిగి, సమాధానం కోసం చూడకుండా చెంపలు వేసుకుంది. పక్కవాళ్ళు కూడా ఎందుకైనా మంచిదని వేసుకున్నారు. దాంతో కండక్టర్ వెనక్కి తగ్గి, దేవుడికి టికెట్ కొట్టే పద్ధతి లేదని చెప్పి ముందుకు వెళ్ళిపోయాడు. గురుప్రసాద్ మాత్రం దారంతా తెలుపు ఎంత ఎక్కిందో చూసుకుంటూనే ఉన్నాడు. కొమ్మలు చీలే చోటుకు ఇంకో వేలెడు దూరమే ఉంది.

వెంకటరామయ్య ఆచారి షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. అక్కడ తల లేని ఆంజనేయస్వామి, కాళ్ళు రావాల్సిన ఒక నాయకుడు, ఇంకా బండలోంచి బయటికి రాని నాలుగు నందులు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నిటి మీదా తెల్లటి దుమ్ము. ఆచారికి డెబ్బై దాటాయి. పలచటి మనిషి, కనుబొమ్మల మీద కూడా దుమ్మే. బక్కెట్ మూత తీయించి, పగడాన్ని సగం నీళ్ళ పైకి ఎత్తించి, వేలంత ఉలి తీసి దాన్ని మెల్లగా తట్టి, చెవి ఒగ్గాడు.

"ఏం చూస్తాండావు ఆచారీ?" అన్నాడు గురుప్రసాద్.

"మొగరాయా ఆడరాయా అని. మొగరాయి గంట మాదిరి ఖంగున పలుకుతాది. ఆడరాయి కంచుతాళం మాదిరి సన్నగా పలుకుతాది. ఏదీ గాందానికి సద్దు ఉండదు, దాన్ని అరుగులకు వేస్తారు." ఇంకోసారి తట్టాడు. "ఇది పలకడంల్యా. యాభై ఏండ్లలో జవాబియ్యని రాయిని ఇదే చూడడం."

"మెత్తటి చర్మం ఉండాది ఆచారీ పైన."

"రాయికి చర్మమా?" అని నవ్వి, ఆచారి దాన్ని మళ్ళీ నీళ్ళలోకి దించమన్నాడు. తలెటు, కాళ్ళెటు, మొహం ఏ పక్క అని అడిగాడు. తెలియదన్నాడు గురుప్రసాద్. మొహం తెలియకుండా ఉలి పెట్టేదెట్లా అని ఆచారి బక్కెట్ చుట్టూ తిరిగాడు. అతని తిరుగుడు చూస్తే కోసే మనిషిలాగా లేడు. గురుప్రసాద్‌కు ఆ సంగతి బాగా తెలుసు. తానును మళ్ళీ మొదటి నుంచి కొలిచేటప్పుడు తను కూడా సరిగ్గా అట్లాగే తిరుగుతాడు. అయినా ఆ అనుమానాన్ని లోపలికి నొక్కేశాడు.

ఇంతలో షెడ్డు నీడకు, బస్సు కుదుపులు ఆగిన నీళ్ళకు పగడం కుదుటపడింది. పచ్చటి కొమ్మల నిండా సన్నటి గులాబీ చుక్కలు లేచాయి. ఒక్కొక్కటీ ఆవగింజంత నోరు, నోటి చుట్టూ వెంట్రుకల్లాంటి వేళ్ళు. వందలు, వేలు. అన్నీ మెల్లగా ఊగుతున్నాయి.

ఆచారి చేతిలో ఉలి కింద పడింది. రెండు చేతులూ జోడించాడు.

"కళ్ళు తెరిచినాది" అన్నాడు.

"అవి కళ్ళు గాదు ఆచారీ, నోళ్ళు..."

"ఏదో ఒకటి తెరిచినాది గదా! విగ్రహానికి కట్టకడపట కళ్ళు చెక్కుతాము నాయనా. కళ్ళు తెరిచినాక శిల్పి పని అయిపాయ. మళ్ళా దాని మీద ఉలి పెట్టేదానికి నాకు అధికారం ల్యా. మా నాయన చెప్పినాడు, వాళ్ళ నాయన చెప్పినాడు. నేను కొయ్యను."

గురుప్రసాద్ బక్కెట్లోకి వంగి చూశాడు. తెలుపు ఎక్కుతోంది, బుడగల మోటారు చప్పుడు మారింది, బ్యాటరీ అయిపోవచ్చింది. "మరి ఎవరు కొయ్యల్ల?" అని దాదాపు ఏడుపు గొంతుతో అడిగాడు.

"నిత్యం దానికి నీళ్ళు పోసేదెవరు?"

"నేనే."

"అయితే పూజారివి నువ్వు. కళ్ళు తెరిచినదాన్ని తాకల్లంటే నీకే ఉండాది అధికారం" అని చెప్పి ఆచారి నాలుగడుగులు వెనక్కి వేసి, తల లేని ఆంజనేయస్వామి పక్కన నిలబడ్డాడు.

గురుప్రసాద్ కవరు చింపాడు. అది చింపడానికే ఇంత సేపు పట్టింది. తొమ్మిదేళ్ళ నాటి నూనె వాసన వచ్చింది. ప్లేరు నోటిని ఒక కొమ్మ మీద పెట్టాడు. గులాబీ వేళ్ళన్నీ ఒక్కసారిగా లోపలికి ముడుచుకుపోయాయి. అది చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కొయ్యమంటావా ఆచారీ?"

"నన్నడగొద్దు."

ఫోన్ తీసి ఇంటికి చేశాడు. "ఏమే, ఆచారి కొయ్యనంటాండాడు. నేనే కొయ్యల్లంట. కొయ్యమంటావా?"

అవతల ఇందుమతి వెనక పొయ్యి మీద కుక్కర్ కూత వినబడింది.

"ఆ పొద్దు మూడో ముడి మా నాయన్ను అడిగి వేసినారు. అడిగి వేసినా ముడి ముడే. ఇరవయ్యారేండ్లయినా ఊడిపోలే. ఇప్పుడు అడక్కుండా కోసినా తెగేది తెగుతాది, బతికేది బతుకుతాది. ఆడ నిలబడుకోని నన్నడుగుతాంటే అది బతుకుతాదా? కొయ్యండి" అని ఫోన్ పెట్టేసింది.

గురుప్రసాద్ కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే గీత తప్పుతుంది. ప్లేరు బిగించి నొక్కాడు.

టక్‌మంది. సన్నగా, శుభ్రంగా, కంచుతాళం చప్పుడులాగా పలికింది.

"ఆడరాయి!" అని ఆచారి ఆంజనేయస్వామి పక్క నుంచి సంతోషంతో కేకేశాడు.

ఆ తరవాత గురుప్రసాద్ చేతికి ఏమైందో గానీ ఆగలేదు. మొత్తం పదకొండు ముక్కలు కోశాడు. చొక్కా అంతా ఉప్పునీళ్ళు, చెమట. అంటించడానికి రాళ్ళేవని అడిగితే ఆచారి లోపలికి పోయి ఒక చెక్కపెట్టె తెచ్చాడు. అందులో యాభై ఏళ్ళుగా విరిగినవన్నీ ఉన్నాయి: ఒక బొటనవేలు, ఒక చెవి, కోతితోక కొస, ఎవరో నాయకుడి కళ్ళద్దాల కమ్మీ, నంది గిట్ట. అన్నీ నల్లరాయి. ఒక్కొక్కదాని మీద ఒక్కో ముక్కను గమ్ముతో అంటిస్తూ పోయాడు గురుప్రసాద్. పదోది అయ్యాక పెట్టెలో రాళ్ళు అయిపోయాయి. ఆచారి కాసేపు తటపటాయించి, పెట్టె అడుగున గుడ్డలో చుట్టిన ఇంకొకటి తీసి ఇచ్చాడు. అదొక ముక్కు. సన్నటి, తీరైన ముక్కు.

"దీని మీద పెట్టు" అన్నాడు, ఎవరిదో చెప్పలేదు.

పదకొండులో మూడు మొదటి వారంలోనే తెల్లబడి పోయాయి. ఆ మూడూ పోయిన రోజున గురుప్రసాద్ అన్నం తినలేదు. మిగిలిన ఎనిమిదీ బతికాయి. బతకడం కాదు, మనోజ్ చెప్పినట్టే పోటీలు పడి పెరిగాయి. వేలి మీద, చెవి మీద, గిట్ట మీద పచ్చగా పాకి, రాయిని మూసేసి, కొమ్మలు వేశాయి. హాల్లోకి వచ్చినవాళ్ళకు నీలం వెలుగులో బొటనవేలొకటి మొలకెత్తి కనబడేది. ఎవరూ జడుసుకోలేదు. "పెరుగుతాండాదే" అని మెచ్చుకుని కాఫీ తాగిపోయేవాళ్ళు. అన్నిటికంటే జోరుగా పెరిగింది ముక్కు మీది ముక్క. కొట్లో మాత్రం గురుప్రసాద్ ఏమీ మారలేదు. ఇప్పటికీ మూడుసార్లే అడుగుతాడు.

ఏడు నెలల తరవాత, ఒక ఆదివారం, వెంకటరామయ్య ఆచారి చెప్పకుండా నంద్యాల వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. కనుబొమ్మల మీద దుమ్ము లేకపోయేసరికి గురుప్రసాద్ మొదట గుర్తుపట్టలేదు. తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూచున్నాడు. ముక్కు ఆకారం ఇంకా తెలుస్తూనే ఉంది. దాని నిండా గులాబీ వేళ్ళు ఊగుతున్నాయి. చాలాసేపు చూశాడు. ఇందుమతి ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది.

"ముప్పై రెండేండ్ల కిందట అవుకు దగ్గర ఒక గుడికి అమ్మవారిని చెక్కినా" అన్నాడు చివరికి. "అంతా అయిపాయ. ముక్కు దగ్గర ఇంకొక్క దెబ్బ. ఆ దెబ్బకు ముక్కు ఊడొచ్చి నా చేతిలో పడె. ముక్కు పోతే విగ్రహం మొత్తం పోయినట్టే, పూజకు పనికిరాదు. అప్పుట్నుంచి నేను ముక్కు చెక్కలేదు శెట్టీ. ముక్కు దాకా వస్తే ఉలి మా అల్లునికిచ్చి, టీ తాగేదానికి పోతా. ఊరందరూ పెద్ద శిల్పి అంటారు. ముప్పై రెండేండ్లుగా అన్ని ముక్కులూ అల్లునివే."

గురుప్రసాద్ చల్లారిన కాఫీ గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

"ఆ పొద్దు నీకు శాస్త్రం చెప్పినా గదా. శాస్త్రం అబద్ధం గాదు. కానీ చెయ్యి ముందు వణికినాది, శాస్త్రం తర్వాత గుర్తొచ్చె."

ఈ మాట విని గురుప్రసాద్‌కు ఆ ముసలాయన మీద పట్టలేనంత ప్రేమ పుట్టింది. లోపలికి పోయి ప్లేరు తెచ్చాడు. ముక్కు మీది కొమ్మ పక్కనున్న చెవిని తాకబోతోంది. తాకితే రెండూ కలిసి ఒకే ముద్దయి, నడుమనున్న కొమ్మలు వెలుగు లేక చచ్చిపోతాయి, ఆ కొమ్మను కోయాలని మనోజ్ వారం నుంచి చెబుతున్నాడు. ఆ సంగతి చెప్పి, "నువ్వు కొయ్యి పెద్దాయనా" అని ప్లేరు చేతికిచ్చాడు.

"కళ్ళు తెరిచినదాని మీద..."

"ఉలి పెట్టగూడదు అన్నావు. ఇది ఉలి గాదు, కటింగ్ ప్లేరు. దాని గురించి మీ నాయనేమన్నా చెప్పినాడా?"

చెప్పలేదని ఆచారి ఒప్పుకోవాల్సి వచ్చింది. లేచి, చొక్కా చెయ్యి పైకి మడిచి, నీళ్ళలో చెయ్యి పెట్టాడు. ప్లేరు నోరు కొమ్మ మీదికి చేరింది. గులాబీ వేళ్ళు ముడుచుకున్నాయి. నీళ్ళ మీద వలయాలు లేచాయి.

"కొయ్యమంటావా?" అన్నాడు ఆచారి.

"కొయ్యి."

"తెగితే మళ్ళా అతకదు శెట్టీ. కొయ్యమంటావా?"

గురుప్రసాద్‌కు తన మాట, తన గొంతు, ఎగతాళి లేకుండా ఇంకొకరి నోట్లోంచి వినడం అదే మొదలు. మూడోసారి అడిగితే ఏమవుతుందో నంద్యాల మొత్తం మీద అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ముసలాయన గొంతు తగ్గించి నోరు తెరవబోతుండగానే, చొక్కా చెయ్యి మడవకుండా తను కూడా నీళ్ళలో చెయ్యి ముంచి, ఆ వేళ్ళ మీద తన వేళ్ళు బిగించి నొక్కాడు.

టక్‌మంది.

"ఆడరాయే" అంది ఇందుమతి వంటింట్లోంచి.

ఆచారి చెయ్యి నీళ్ళలోంచి తీయలేదు. ముక్కు చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. తెగిన కొమ్మ అతని రెండో అరచేతిలో ఉంది. దాన్ని కాసేపు చూసుకుని, గురుప్రసాద్ వేళ్ళను విదిలించుకుని, ప్లేరు తనే సరిగ్గా పట్టుకుని, "ఇంకోటి యాడ కొయ్యల్ల?" అన్నాడు.